గూగుల్ ఫోటో మార్చాక కూడా ల్యాప్‌టాప్‌లో, యూట్యూబ్‌లో, అక్క ఫోన్‌లో పాతదే ఎందుకు వస్తోంది?

టీచర్ గారూ, మీరు అడిగింది ఒక్క ప్రశ్నలా ఉంది కానీ అందులో ఐదారున్నాయి. ఇక్కడ చదివే మిగతావాళ్ల కోసం ముందు విషయం క్లుప్తంగా చెప్పేస్తాను. మీరు కిందటి వారం ఫోన్‌లో జీమెయిల్ ఫోటో మార్చారు. ఫోన్‌లో కొత్తది వచ్చింది. ఇంట్లో ల్యాప్‌టాప్‌లో మాత్రం పాతదే ఉంది. లెక్కల పాఠాలు పెట్టే మీ యూట్యూబ్ ఛానెల్‌కు ఇంకేదో ఫోటో ఉంది. డల్లాస్‌లో ఉన్న మీ అక్కగారికి మీ మెయిల్ పక్కన మీ పెళ్లినాటి ఫోటో కనిపిస్తోందట. స్కూలు వాళ్లిచ్చిన మెయిల్‌లో ఫోటో మార్చే వీలే లేదు. వాట్సాప్ డీపీ కూడా దీంతో పాటే మారుతుందనుకున్నారు, మారలేదు. "అన్నిచోట్లా ఒకేసారి మారే సెట్టింగు ఎక్కడుందో చెప్పండి" అన్నారు.

అలాంటి సెట్టింగు లేదండి. ఎందుకు లేదో తెలిస్తే మిగతావన్నీ మీరే సరిచేసుకోగలరు. ఫోటో మీ ఫోన్‌లోనూ ఉండదు, ల్యాప్‌టాప్‌లోనూ ఉండదు. ఖాతాలో, అంటే ఆ కంపెనీ సర్వర్‌లో ఉంటుంది. ఫోనూ, ల్యాప్‌టాపూ, టీవీ దాన్ని తెచ్చి చూపిస్తాయంతే. మళ్లీ మళ్లీ తేవడం దండగని ఒక కాపీ తమ దగ్గర దాచుకుంటాయి. ఆ కాపీలు కొన్ని వాటంతట అవే మారతాయి, కొన్ని ఎప్పటికీ మారవు. ఫోటో స్టూడియోలో నెగెటివ్ మార్చినంత మాత్రాన, ఇంటింటికీ పంచిన ప్రింట్లు మారవు కదా. కాబట్టి పాత ఫోటో కనిపించిన ప్రతిచోటా వేసుకోవాల్సిన ప్రశ్న ఒక్కటే: ఇది ఏ ఖాతా ఫోటో, ఎవరి దగ్గరున్న కాపీ? మా కాలేజీలో ఇలాంటి ఫిర్యాదులు చూసేది నేనే. ఎవరొచ్చినా మొదట ఇదే అడుగుతాను. సగం సమస్యలు అక్కడే తేలిపోతాయి.

ముందు అసలు ఖాతాలో ఫోటో నిజంగా మారిందో లేదో చూద్దాం. ఆండ్రాయిడ్ ఫోన్‌లో సెట్టింగ్స్ తెరిచి గూగుల్ అన్నదాంట్లోకి వెళ్తే "మేనేజ్ యువర్ గూగుల్ అకౌంట్" వస్తుంది. ఫోన్ తెలుగులో పెట్టుకుని ఉంటే అది మీ ఖాతాను నిర్వహించమని తెలుగులోనే ఉంటుంది. దాంట్లో "పర్సనల్ ఇన్ఫో", అంటే వ్యక్తిగత సమాచారం, నొక్కితే పైనే ఫోటో ఉంటుంది. కంప్యూటర్లో అయితే బ్రౌజర్‌లో మైఅకౌంట్ డాట్ గూగుల్ డాట్ కామ్ కొడితే నేరుగా అదే పేజీ వస్తుంది. ఐఫోన్ వాడేవాళ్లు జీమెయిల్ యాప్‌లో కుడివైపు పైన గుండ్రటి బొమ్మ నొక్కి అక్కడి నుంచి వెళ్లవచ్చు. దారి ఏదైనా చేరే చోటు ఒక్కటే. ఈ మెనూల పేర్లను గూగుల్ అప్పుడప్పుడూ మారుస్తూ ఉంటుంది, మీ ఫోన్‌లో కాస్త తేడాగా ఉంటే కంగారు పడకండి.

ఆ పేజీలో రెండు విషయాలు గమనించండి. మొదటిది, ఫోటో కింద ఉన్న మెయిల్ అడ్రసు. చాలామందికి రెండు మూడు జీమెయిళ్లుంటాయి. పాతది ఒకటి, పిల్లలు ఫోన్ కొన్నప్పుడు కొత్తగా తెరిచిచ్చింది ఒకటి. ఫోన్‌లో ఒకదాని ఫోటో మార్చి, ల్యాప్‌టాప్‌లో ఇంకోదాన్ని చూస్తూ మారలేదనుకుంటారు. అడ్రసులో చివరి అంకె దాకా పోల్చి చూడండి. రెండోది, చివరి బటన్. ఫోటో ఎంచుకున్నాక గూగుల్ దాన్ని కత్తిరించుకోమంటుంది, తిప్పుకోమంటుంది, ఆ తర్వాతే "సేవ్ యాజ్ ప్రొఫైల్ పిక్చర్" అన్న బటన్ వస్తుంది. కత్తిరించగానే అయిపోయిందనుకుని వెనక్కి వచ్చేసేవాళ్లు ఎంతమందో. మీ ఫోన్‌లో కొత్తది కనిపిస్తోందంటే మీరు సేవ్ చేసే ఉంటారు. అయినా ల్యాప్‌టాప్‌లో ఈ పేజీ ఒకసారి తెరవండి. ఇక్కడ కొత్త ఫోటో ఉంటే ఖాతాలో ఫోటో మారినట్టే, ఇక వెతకాల్సింది కాపీల సంగతి.

మార్పు అన్ని గూగుల్ సేవల్లోనూ కనిపించడానికి ఒకటి రెండు రోజులు పట్టవచ్చని గూగులే చెబుతుంది. పొద్దున మార్చి సాయంత్రానికి టెన్షన్ పడనక్కర్లేదు. మీరు మార్చి వారమైంది కాబట్టి ఇంకా ఆగితే వచ్చేదేమీ లేదు.

ఇప్పుడు ల్యాప్‌టాప్. జీమెయిల్ తెరిచి ఉంచి స్క్రీన్ కుడివైపు పైభాగం జాగ్రత్తగా చూడండి. అక్కడ ఒకటి కాదు, రెండు గుండ్రటి బొమ్మలుంటాయి. కాస్త కింద, జీమెయిల్ పేజీ లోపల ఉన్నది గూగుల్ ఖాతా ఫోటో. దానికి పైన, అడ్రసు కొట్టే పట్టీ చివర, మూడు చుక్కల పక్కన ఇంకాస్త చిన్నగా ఉన్నది క్రోమ్ బ్రౌజర్ ప్రొఫైల్ బొమ్మ. ఈ రెండోది వేరే సంగతి. క్రోమ్‌లో ప్రొఫైల్ పెట్టేటప్పుడు ఎవరో పిల్లి బొమ్మో, పువ్వు బొమ్మో ఎంచుకుని ఉంటే, మీరు గూగుల్‌లో ఎన్ని ఫోటోలు మార్చినా అది కదలదు. దాన్నే నొక్కి, ప్రొఫైల్‌ను మార్చుకునే పెన్సిల్ గుర్తులోకి వెళ్లి, కనిపించే బొమ్మల్లో మీ ఖాతా ఫోటోను ఎంచుకోవాలి. మీరు "ల్యాప్‌టాప్‌లో పాతదే" అన్నారు కానీ ఏ గుండ్రం అన్నది రాయలేదు. నా అనుమానం మొదట దీని మీదే.

మూడో గుండ్రం కూడా ఉంది. ల్యాప్‌టాప్ ఆన్ చేయగానే పాస్‌వర్డ్ అడిగే చోట, స్టార్ట్ మెనూలో కనిపించేది. అది విండోస్‌ది. గూగుల్‌తో దానికి ఏ సంబంధమూ లేదు. సెట్టింగ్స్‌లో అకౌంట్స్, అందులో "యువర్ ఇన్ఫో" దగ్గర మారుతుంది. మీరు మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అవుతుంటే అకౌంట్ డాట్ మైక్రోసాఫ్ట్ డాట్ కామ్‌లో మార్చుకోవడం మేలు, ఖాతాలోనే మారుతుంది కాబట్టి. ఇంకో చిన్న సంగతి. విండోస్ మీరు ఇదివరకు వాడిన ఫోటోలను ఒక ఫోల్డర్‌లో దాచి, కొత్తది పెట్టే చోట చిన్న బొమ్మలుగా చూపిస్తూ ఉంటుంది. అవి ఇబ్బందిగా ఉంటే మీ యూజర్ ఫోల్డర్‌లో యాప్‌డేటా, రోమింగ్, మైక్రోసాఫ్ట్, విండోస్, అకౌంట్‌పిక్చర్స్ అన్న వరసలో వెళ్లి చెరిపేయవచ్చు. యాప్‌డేటా మామూలుగా కనబడదు, దాచిన ఫోల్డర్లు చూపమని ముందు ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌కు చెప్పాలి.

జీమెయిల్ పేజీ లోపలి ఫోటోయే పాతదైతే అది బ్రౌజర్ దాచుకున్న కాపీ. తేల్చుకోవడానికి చిటికెలో అయ్యే పరీక్ష ఒకటుంది. క్రోమ్‌లో ఇన్‌కాగ్నిటో విండో తెరిచి అదే ఖాతాతో లాగిన్ అవండి. ఆ విండో దాచుకున్న పాత కాపీలను వాడుకోదు, అంతా కొత్తగా తెచ్చుకుంటుంది. అక్కడ కొత్త ఫోటో వస్తే లోపం మీ బ్రౌజర్ కాపీదే. అప్పుడు మామూలు విండోకు వచ్చి కంట్రోల్, షిఫ్ట్, ఆర్ మూడూ కలిపి నొక్కండి. పేజీ మొత్తం మళ్లీ దిగుతుంది. దానికీ మారకపోతే బ్రౌజింగ్ డేటా చెరిపే చోటికి వెళ్లి, దాచుకున్న బొమ్మలూ ఫైళ్లూ అన్న గడి ఒక్కటే టిక్ చేయండి. కుకీల గడి, పాస్‌వర్డ్‌ల గడి ఖాళీగా వదిలేయండి. అన్నీ టిక్ చేసి చెరిపేసి, ఆ తర్వాత బ్యాంకు సైటు పాస్‌వర్డ్ గుర్తు లేదంటూ పరిగెత్తుకొచ్చేవాళ్లను నేను చూస్తూనే ఉంటాను.

ఫోన్‌లోనూ ఇంతే. మీ ఫోన్ బాగానే ఉంది కానీ, ఇది చదివేవాళ్లలో ఎవరికైనా ఫోన్‌లోనే పాతది నిలిచిపోతే ముందు ఫోన్ రీస్టార్ట్ చేయండి. ఆ తర్వాత సెట్టింగ్స్, యాప్స్, జీమెయిల్, స్టోరేజ్ దాకా వెళ్తే రెండు బటన్లు పక్కపక్కనే ఉంటాయి. ఒకటి కాష్, అంటే యాప్ దాచుకున్న కాపీలను, క్లియర్ చేసేది, రెండోది స్టోరేజ్ లేదా డేటా క్లియర్ చేసేది. మొదటిది నొక్కితే నష్టమేమీ లేదు. రెండోది నొక్కితే ఆ యాప్‌లో మీరు పెట్టుకున్న సెట్టింగులన్నీ పోతాయి, ఇంకా సర్వర్‌కు చేరని డ్రాఫ్టు ఉంటే అదీ పోతుంది. ఖాతాను ఫోన్ నుంచి తీసేసి మళ్లీ పెట్టమని చెప్పే వీడియోలు యూట్యూబ్‌లో కొల్లలు. ఒక ఫోటో కోసం అంత పని నేనైతే చేయను. పాస్‌వర్డ్ గుర్తుందా, ఓటీపీ ఏ నంబరుకు వస్తుందో తెలుసా, కాంటాక్టులన్నీ గూగుల్‌కు చేరాయా అన్న మూడింటికీ అవునని చెప్పగలిగితేనే దాని జోలికి పోవాలి.

మీ యూట్యూబ్ విషయానికి వద్దాం. ఒకప్పుడు యూట్యూబ్ ఛానెల్ పేరూ ఫోటో గూగుల్ ఖాతావే. అక్కడ మారిస్తే ఇక్కడా మారేది. 2021లో యూట్యూబ్ ఈ రెండింటినీ విడదీసింది. ఇప్పుడు ఛానెల్ ఫోటో ఛానెల్‌దే, మెయిల్ ఫోటో మెయిల్‌దే. నన్నడిగితే మంచి పనే చేశారు. పిల్లలకు పాఠాలు చెప్పే ఛానెల్‌కు మీరు లోగో పెట్టుకోవచ్చు, మెయిల్‌కు మీ ముఖం ఉంచుకోవచ్చు. మార్చాలంటే యూట్యూబ్ స్టూడియోలో కస్టమైజేషన్ అన్నదాంట్లోకి వెళ్లి ప్రొఫైల్ పిక్చర్ మార్చండి. కనీసం 98 పిక్సెళ్ల వెడల్పు, 98 ఎత్తు, ఫైలు 4 ఎంబీ లోపు ఉండాలి. కానీ కనీసం సరిపోతుందని 98తో పెట్టకండి, టీవీలో చూస్తే మసకగా ఉంటుంది. 800కు 800 పెట్టుకోండి. కుడివైపు పైన ఉండే "పబ్లిష్" నొక్కితేనే పని పూర్తయినట్టు. ఫోన్‌లో అయితే యూట్యూబ్ యాప్‌లో మీ ఛానెల్ పేజీ తెరిచి, పెన్సిల్ గుర్తు నొక్కి, కెమెరా బొమ్మ మీద నొక్కితే సరి. మీరు వేరేవాళ్ల వీడియోల కింద రాసే కామెంట్ల పక్కనా ఈ ఛానెల్ ఫోటోయే వస్తుంది, జీమెయిల్‌ది కాదు.

ఇంట్లో టీవీలో యూట్యూబ్ తెరిచినప్పుడు కనిపించేదీ ఇదే. టీవీలు కాపీలను గట్టిగా పట్టుకుని కూర్చుంటాయి. రిమోట్‌తో ఆపితే టీవీ నిద్రలోకి వెళ్తుందంతే. గోడ దగ్గర స్విచ్ ఆపి, కాసేపాగి వేయండి.

మీ అక్కగారి సంగతి అన్నిటికంటే ఆసక్తికరమైనది, చాలామంది పొరబడేదీ ఇక్కడే. మీ మెయిల్ పక్కన ఆవిడకు కనిపిస్తున్నది బహుశా మీ ఖాతా ఫోటో కాదు. ఆవిడ తన గూగుల్ కాంటాక్టుల్లో మీ పేరు సేవ్ చేసుకుంటూ, ప్రేమగా మీ పెళ్లి ఫోటో పెట్టుకుని ఉంటారు. ఎవరైనా తన కాంటాక్టుల్లో మీకు ఒక ఫోటో పెట్టుకుంటే, వాళ్లకు ఎప్పుడూ అదే కనిపిస్తుంది. మీరు రోజుకొకటి మార్చినా వాళ్లకు తేడా ఉండదు. అది వాళ్ల సొంత ఆల్బమ్ లాంటిది కాబట్టి దాన్ని మీరు మార్చలేరు కూడా. అక్కగారిని కాంటాక్ట్స్ డాట్ గూగుల్ డాట్ కామ్ తెరిచి, మీ పేరు నొక్కి, ఫోటో తీసేయమనండి. ఆవిడ ఐఫోన్‌లో ఆపిల్ వాళ్ల మెయిల్ యాప్ వాడుతుంటే ఫోటో ఆ ఫోన్ కాంటాక్టుల్లోంచి వస్తుంది, అక్కడ చూడాలి.

నా ఊహ సరైనదో కాదో తేలాలంటే, మీ నంబరు గానీ మెయిల్ గానీ సేవ్ చేసుకోని ఒక జీమెయిల్ మనిషికి, కొత్తగా చేరిన సహోద్యోగికో ఎవరికో, ఒక మెయిల్ పంపి ఏ ఫోటో కనిపిస్తోందో స్క్రీన్‌షాట్ తీసి పంపమనండి. వాళ్లకు కొత్తది కనిపిస్తే మీ వైపు అంతా సవ్యంగా ఉన్నట్టే. లోకానికి మన ముఖం ఎలా కనిపిస్తోందో మన ఫోన్‌లో చూసుకుంటే తెలియదు, తెలియనివాళ్ల ఫోన్‌లో చూడాలి.

ఇంకో కాపీ కూడా మిమ్మల్ని విసిగించే అవకాశముంది. చాలా వెబ్‌సైట్లలో "గూగుల్‌తో సైన్ ఇన్" అని ఉంటుంది కదా. అది నొక్కినప్పుడు ఆ సైటు మీ పేరు, మెయిలు, ఫోటో తీసుకుంటుంది. కొన్ని సైట్లు ప్రతిసారీ కొత్తది తెచ్చుకుంటాయి. కొన్ని మొదటిరోజు తీసుకున్నదాన్నే తమ దగ్గర పెట్టుకుని అదే చూపిస్తాయి. వాటిలో ఆ సైటు ప్రొఫైల్‌లోకే వెళ్లి మార్చుకోవాలి. మీరు ఎప్పుడైనా వర్డ్‌ప్రెస్ బ్లాగుల్లో కామెంట్లు రాసి ఉంటే అక్కడి ఫోటో గ్రావతార్ అన్న సేవ నుంచి వస్తుంది. అది మెయిల్ అడ్రసును బట్టి ఫోటో ఇచ్చే సేవ, 2007 నుంచి వర్డ్‌ప్రెస్ డాట్ కామ్ నడిపే ఆటోమాటిక్ సంస్థది. అందులో ఒక్కసారి మారిస్తే ఎన్నో ఏళ్ల కిందటి కామెంట్ల పక్కన కూడా కొత్త ముఖం వచ్చేస్తుంది. మీరు కోరుకున్న "ఒకేసారి అన్నిచోట్లా" అన్నది పనిచేసేది అలాంటి కొద్దిచోట్లే. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ రెండూ మెటా కంపెనీవే కాబట్టి వాటిని అకౌంట్స్ సెంటర్‌లో కలుపుకునే ఏర్పాటుంది, అదొకటి.

వాట్సాప్ డీపీ పూర్తిగా వేరు, అది మీ ఫోన్ నంబరుకు అంటుకుని ఉంటుంది. వాట్సాప్ సెట్టింగ్స్‌లో పైన మీ ఫోటో నొక్కి మారిస్తే, మీరు కలిపి పెట్టుకున్న ల్యాప్‌టాప్‌లోనూ ట్యాబ్‌లోనూ అదే మారుతుంది. ఇక్కడ పరికరాల గొడవ లేదు. గొడవంతా ఎవరికి కనిపించాలన్న దాని దగ్గరే. ప్రైవసీలో ప్రొఫైల్ ఫోటోకు నాలుగు ఎంపికలుంటాయి: అందరికీ, నా కాంటాక్టులకు, కాంటాక్టుల్లో ఫలానావాళ్లకు తప్ప, ఎవరికీ వద్దు. "నా కాంటాక్టులకు" అని పెట్టారనుకోండి, అవతలివాళ్లు మీ నంబరు సేవ్ చేసుకున్నంత మాత్రాన ఫోటో కనిపించదు. మీరు వాళ్ల నంబరు సేవ్ చేసుకుని ఉండాలి. పిల్లల తల్లిదండ్రుల గ్రూపులో సగం మందికి మీ ఫోటో కనిపించి సగం మందికి కనిపించకపోతే కారణం ఇదే అయి ఉంటుంది. "నన్ను బ్లాక్ చేశారా మేడమ్" అని ఎవరైనా అడిగితే ముందు ఇది చూసుకోండి.

ఆడవాళ్లు, ముఖ్యంగా నంబరు పదిమందికీ తెలిసే ఉద్యోగాల్లో ఉన్నవాళ్లు, "అందరికీ" అన్నది వదిలేసి "నా కాంటాక్టులకు" పెట్టుకోవడమే మంచిదని నా అభిప్రాయం. తెలిసినవాళ్ల ఫోటో డీపీగా పెట్టి, కొత్త నంబరు నుంచి "అర్జెంటుగా డబ్బు పంపండి" అని మెసేజ్ పెట్టే మోసం మన దగ్గర మామూలైపోయింది. పోలీసు ఉన్నతాధికారుల ఫోటోలనే వాడుకున్నారు, మనమెంత. డీపీ చూసి డబ్బు పంపవద్దని ఇంట్లో పెద్దవాళ్లకు చెప్పి ఉంచండి. ఒకవేళ ఎవరైనా పంపేస్తే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి, ఆలస్యమైన కొద్దీ డబ్బు చేతులు మారిపోతుంది.

ఫేస్‌బుక్ గురించి మీరు అడగలేదు, ఒక ముక్క చెప్పి వదిలేస్తాను. అక్కడ ఫోటో మార్చగానే అదొక పోస్టుగా స్నేహితులందరికీ వెళ్తుంది, వద్దనుకుంటే మార్చేటప్పుడే ఆ టిక్ తీసేయాలి. ప్రస్తుత ప్రొఫైల్ ఫోటో ఎప్పుడూ బహిరంగమే. పెద్దదిగా చేసి చూడకుండా, దించుకోకుండా ఉండాలంటే 2020లో మన దేశంలో తెచ్చిన ప్రొఫైల్ లాక్ వేసుకోవచ్చు. ఎక్స్‌లో, అంటే పాత ట్విట్టర్‌లో, డబ్బు కట్టి నీలం టిక్కు తెచ్చుకున్నవాళ్లకు ఇంకో తలనొప్పి, ఫోటో మారిస్తే మళ్లీ పరిశీలించేదాకా టిక్కు పోతుంది. 2023 ఆగస్టులో జాతీయ జెండాను డీపీగా పెట్టుకున్న పలువురు నాయకుల ఖాతాలకు కొన్నాళ్లు టిక్కు కనబడకుండా పోయింది ఇందుకే.

పాత ఫోటోల సంగతి మీరు చివర్లో అడిగారు. కొత్తది పెట్టినంత మాత్రాన గూగుల్ పాతవాటిని పారేయదు. ఫోటో మార్చే చోటే మూలన "పాస్ట్ ప్రొఫైల్ పిక్చర్స్" అని ఉంటుంది, అందులో మీరు ఇన్నాళ్లూ వాడినవి కనిపిస్తాయి. అక్కడే ఒక్కొక్కటీ తీసేయవచ్చు. ఇదివరకు ఇవి ఆల్బమ్ ఆర్కైవ్ అనే చోట ఉండేవి, దాన్ని 2023 జూలైలో మూసేశారు. అందుకే పాత సలహాలు చదివి ఆ పేజీ కోసం వెతికితే దొరకదు. మీరు గూగుల్ మ్యాప్స్‌లో హోటళ్లకో ఆసుపత్రులకో రివ్యూలు రాసే అలవాటున్నవారైతే ఆ రివ్యూల పక్కన కూడా మామూలుగా ఈ ఖాతా ఫోటో, పేరూ కనిపిస్తాయని గుర్తుంచుకోండి. పిల్లలతో దిగిన ఫోటో మెయిల్‌కు పెట్టేటప్పుడు ఆ సంగతి ఆలోచించుకోవాలి.

ఫోటో ఎలాంటిది పెట్టాలన్నదానికి పెద్ద శాస్త్రమేమీ లేదు. ఎక్కడైనా గుండ్రంగా కత్తిరిస్తారు, మెయిళ్ల వరసలో చిటికెన వేలి గోరంత కనిపిస్తుంది. కాబట్టి చతురస్రంగా, ముఖం సగానికి పైగా నిండేలా ఉండాలి. తిరుమల గుడి ముందు నిలబడి తీయించుకున్న నిలువెత్తు ఫోటో ఎంత బాగున్నా ఇక్కడ చుక్కలా ఉంటుంది. స్టూడియో అతను వాట్సాప్‌లో పంపిన ఫోటో అయితే, మామూలుగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపమనండి. మామూలుగా పంపితే వాట్సాప్ నాణ్యత తగ్గించేస్తుంది. ఐఫోన్‌లో తీసిన ఫోటోను ఏదైనా సైటు తీసుకోకపోతే అది హెచ్ఈఐసీ రకం ఫైలు అయి ఉంటుంది. కెమెరా సెట్టింగుల్లో ఫార్మాట్స్ దగ్గర "మోస్ట్ కంపాటిబుల్" పెట్టి తీస్తే జేపీజీగా వస్తుంది, ఇబ్బంది ఉండదు.

ఇక మిగిలింది స్కూలు మెయిల్. దాంట్లో మీకు మార్చే వీలు లేకపోవడం మీ ఫోన్ లోపం కాదు. స్కూళ్లూ ఆఫీసులూ వాడే గూగుల్ వర్క్‌స్పేస్‌లో ఎవరు ఫోటో మార్చుకోవచ్చో, ఎవరు పేరు మార్చుకోవచ్చో అడ్మిన్, అంటే ఆ ఖాతాలన్నిటినీ చూసుకునే మనిషి, నిర్ణయిస్తాడు. అడ్మిన్ కన్సోల్‌లో డైరెక్టరీ సెట్టింగ్స్ అని ఒకటుంది, అందులో ప్రొఫైల్ ఎడిటింగ్ దగ్గర ఫోటో ముందున్న టిక్ తీసేస్తే ఇక ఆ స్కూల్లో ఎవరికీ ఫోటో మార్చుకునే దారి ఉండదు. చాలా స్కూళ్లు పిల్లల చేతిలో ఖాతాలుంటాయని కావాలనే తీసేస్తాయి. లేకపోతే ఆన్‌లైన్ క్లాసులో హాజరు పట్టీ నిండా సినిమా హీరోలే ఉంటారు. మీ సొంత జీమెయిల్ ఫోటో ఎంత మార్చినా స్కూలు ఖాతాతో తెరిచిన మీట్‌లో, క్లాస్‌రూమ్‌లో అది రాదు. రెండూ వేర్వేరు ఖాతాలు.

మీరు చేయగలిగింది అడ్మిన్‌ను అడగడమే. "నా ఖాతాకు ఫోటో మార్చే అనుమతి ఇవ్వండి" అని రాస్తే కుదరదనే అవకాశం ఎక్కువ. ఆ టిక్ పెడితే మీతో పాటు ఇంకెందరికో అనుమతి వచ్చేస్తుంది కదా. టీచర్లకు విడిగా, విద్యార్థులకు విడిగా గ్రూపులు చేసిపెట్టుకున్న స్కూలైతే టీచర్ల వరకు ఇవ్వగలరు, అదీ అడగవచ్చు. అంతకంటే తేలిక, "ఈ ఫోటోను నా ఖాతాకు మీరే పెట్టండి" అని అడగడం. అడ్మిన్ తన కన్సోల్‌లో యూజర్ల జాబితాలో మీ పేరు తెరిచి, ఫోటో మీద నొక్కి తనే ఎక్కించగలడు, నిమిషం పని. మెయిల్‌లో మీ పూర్తి స్కూలు మెయిల్ అడ్రసు రాయండి, చతురస్రంగా కత్తిరించిన జేపీజీ జతచేయండి, ఫైలు పేరుగా మీ పేరే పెట్టండి. ఐఎంజీ అని మొదలై అంకెలతో ముగిసే ఫైలు పంపితే, వందమంది టీచర్ల మధ్య అది ఎవరిదో వెతుక్కోవాల్సింది ఆయనే.